గచ్చు కింద ఇసుక తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. చెన్నై మడిపాక్కంలో ఫిజియోథెరపీ క్లినిక్ కోసం 1,200 చదరపు అడుగుల కింది అంతస్తు కడుతున్నారు. పునాది గోడలు వీధి మట్టానికి మూడడుగుల పైకి లేచాయి. లోపలి భాగం నింపాలి. మేస్త్రి చెప్పేది ఇది: తవ్వి తీసిన నల్లమట్టి సగం వరకు, దానిపైన ఇసుక, ఇసుకను నీళ్లు పెట్టి దించడం, అంటే కూరుకుని గట్టిపడేలా చేయడం, పల్చటి ప్లాస్టిక్ షీటు, షీటు మీద మళ్లీ నాలుగు అంగుళాల ఇసుక, ఆపైన నాలుగు అంగుళాల కాంక్రీటు. షీటు మీద ఇసుక ఎందుకని అడిగితే, కాంక్రీటులో ఎక్కువైన నీళ్లను అది తాగేస్తుందన్నాడు. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఇంజనీరు మాత్రం షీటే దండగ, కాంక్రీటులో వాటర్‌ప్రూఫ్ పొడి కలిపితే సరిపోతుందంటున్నాడు. ఇప్పుడు సెప్టెంబరు. నవంబరులో కాంక్రీటు, జనవరిలో వినైల్ పలకలు, సంక్రాంతి దాటగానే ప్రారంభం అని మీ లెక్క.

ఇద్దరి మాటా వినకండి అమ్మా. మేస్త్రికి షీటు కావాలన్న సంగతి తెలుసు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇంజనీరుకు పొడి తెలుసు, ఆవిరి తెలియదు. ఇక నవంబరులో ఆకాశం కింద గచ్చు పోయడమన్నది ఈ ఊరి వానల్ని చూసినవారు వేసుకునే లెక్క కాదు.

ఇసుక నీళ్లు తాగుతుందన్న మాట నిజమే. తాగిన నీళ్లు తర్వాత ఎక్కడికి పోతాయన్నదే ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. పద్దెనిమిదేళ్ల కిందట వేళచ్చేరి వైపు ఒక నృత్య పాఠశాల కడుతున్నప్పుడు సైటు బాధ్యత నాదే. మీ మేస్త్రి చెప్పిన పొరలే, అదే వరుసలో వేయించాను. షీటు పరిచి, ఇసుక పోసి సమం చేసిన రాత్రి వాన పడింది, మర్నాటి రాత్రి కూడా పడింది. మూడో రోజు ఎండకు ఇసుక పైభాగం తెల్లగా పొడిబారింది. అరికాలితో గీసి చూసి, ఆరిపోయిందనుకుని కాంక్రీటు పోయించేశాను. రెండు నెలల తర్వాత వినైల్ అతికించారు. ఏసీలు నడవడం మొదలుపెట్టాక మార్చిలో ఫోను వచ్చింది. ముందుగా కనిపెట్టింది నాట్యం నేర్చుకునే పిల్లలు. అద్దాల గోడ పక్కన అడుగు వేస్తే నేల మెత్తగా దిగుతోందని వాళ్ల కాళ్లకే తెలిసింది. కంటికి మాత్రం అక్కడ ఏమీ కనబడదు.

ఒక పలక ఊడదీశాను. కింద జిగురు గట్టిపడి ఉండాల్సింది పోయి గంజిలా వేలికి సాగింది. నానబెట్టి మరిచిపోయిన పప్పు వాసన. గచ్చుకు గుండ్రటి రంధ్రం వేసే కోర్ మిషను నీళ్లు పోస్తూ కోస్తుంది కనుక అది తేవద్దని, ఉలితో అరడుగు గుంట కొట్టించాను. కాంక్రీటు పై రెండంగుళాలు బూడిద రంగులో పొడిగా ఉంది. కింది సగం నల్లగా, చల్లగా ఉంది. దాని కింద ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని పిసికితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. అంతకు నాలుగున్నర నెలల కిందట కురిసిన వాన అది. షీటు మాత్రం ఎక్కడా చిరగలేదు. కింది నీళ్లను పైకి రానివ్వలేదు, పై నీళ్లను కిందికీ పోనివ్వలేదు. తన పని తాను నిక్కచ్చిగా చేసింది. తొట్టి కట్టి అందులో నీళ్లు నింపి మూత పెట్టింది మేమే.

మీ గచ్చుకే లెక్క వేసి చూద్దాం. 1,200 చదరపు అడుగుల మీద నాలుగు అంగుళాల ఇసుక అంటే 400 ఘనపు అడుగులు, లారీ లెక్కలో నాలుగు యూనిట్లు. దాని బరువు సుమారు 18 టన్నులు. వానలో తడిసి, కారాల్సిన నీరు కారిపోయాక కూడా సన్న ఇసుకలో బరువులో పదో వంతు నీరు నిలిచి ఉండడం వింతేమీ కాదు. అంటే 1,800 లీటర్లు. మేడ మీద పెట్టే వెయ్యి లీటర్ల ట్యాంకులు దాదాపు రెండు మీ షీటుకూ కాంక్రీటుకూ మధ్య కూర్చుంటాయి. వినైల్ వంటి వాటికి పాత రోజుల నుంచి చెప్పే హద్దు ఒకటుంది: వెయ్యి చదరపు అడుగుల గచ్చు నుంచి 24 గంటల్లో మూడు పౌండ్లకు మించి తేమ పైకి రాకూడదు. మీ గచ్చుకు అది రోజుకు 1.6 లీటర్లు. ఆ హద్దు దాటకుండా 1,800 లీటర్లు బయటికి పోవాలంటే మూడేళ్లు పడుతుంది. అసలు తేమ ఇలా రోజూ ఒకే కొలతలో రాదు, మొదట ఎక్కువ, పోనుపోను తక్కువ. అయినా మీరు పెట్టుకున్న గడువు ఎంత దూరంలో ఉందో ఈ లెక్కతో తెలుస్తుంది.

మేస్త్రిని తప్పు పట్టే ముందు ఒక మాట. అతని పద్ధతికి పెద్దల అండ ఉండేది. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి గచ్చుల మార్గదర్శి 1996 ప్రతిలో షీటు మీద నాలుగు అంగుళాల నింపుడు వేయమనే ఉంది. అప్పుడు కూడా వట్టి ఇసుక వేయమనలేదు. చదును చేస్తే నిలిచి, రోలింగుకు గట్టిపడే, సన్నదీ ముతకదీ కలిసిన కంకర నింపుడు అన్నారు. ఇసుకైతే మనుషులు నడిచినా పంపు గొట్టం ఈడ్చినా గుంటలు పడి, గచ్చు ఒకచోట మూడంగుళాలు, ఇంకోచోట ఐదంగుళాలు అవుతుంది. తర్వాత అతికించిన నేలలు ఊడిపోతున్నాయన్న ఫిర్యాదులు పెరిగి, ఆ సంస్థే మాట మార్చుకుంది. 2004 ప్రతి నుంచి, తేమ పడని పలకలు పైన వచ్చేటట్లయితే షీటు నేరుగా కాంక్రీటు కిందే ఉండాలి. మధ్యలో నింపుడుకు చోటు ఎక్కడంటే, పైకప్పు ముందే పడి, గోడలు లేచి, ఆ నింపుడు మీద చుక్క నీరు పడదని ఖాయంగా చెప్పగలిగిన కొన్ని సందర్భాల్లోనే.

ఇక ఇంజనీరు మాట. గచ్చు కిందికి నీరు మూడు దారుల్లో వస్తుంది. వాటిని విడివిడిగా చూడకపోవడం వల్లనే ఇన్ని తగాదాలు.

మొదటిది దీపం వత్తి నూనెను లాగినట్టు మట్టి నీటిని లాగడం. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల అడుగు కోసేసి, మూతి వైపు పల్చటి గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టండి. ఒకదానిలో ఎండిన సన్న ఇసుక, రెండో దానిలో కడిగి ఆరబెట్టిన 20 మి.మీ. కంకర నింపండి. రెండింటినీ అంగుళం లోతు నీళ్లున్న పళ్లెంలో పెట్టి కాఫీ తాగి రండి. ఇసుకలో తడి గీత నీటి మట్టాన్ని దాటి పాకుతూ కనిపిస్తుంది, రాత్రంతా ఉంచితే ఇంకా పైకి పోతుంది. కంకరలో నీళ్లు పళ్లెం మట్టం దగ్గరే ఆగిపోతాయి, ఆ పైరాళ్లు పొడిగా ఉంటాయి. రేణువు ఎంత సన్నదైతే పాకుడు అంత ఎక్కువ. బంకమట్టిలో అది మీటర్ల లెక్క. ఇదే సీసాలో క్రషర్ డస్ట్, అంటే రాళ్లు నలగ్గొట్టినప్పుడు వచ్చే సన్న పొడి, కూడా వేసి చూడండి. కంకర పేరుతో డస్ట్ కలిసిన సరుకు దించేవారికి ఏమని చెప్పాలో మీకే తెలుస్తుంది. సన్న పొడి లేని కంకర పొర నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఉంటే ఈ వత్తి తెగుతుంది.

రెండోది ఆవిరి, కంకరకు లొంగేది కాదు. రాళ్ల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది కదా, ఆ గాలిలో ఆవిరి నింపాదిగా పైకి వస్తుంది. భూగర్భ జలం ఎంతో లోతున ఉన్నా, మే నెల ఎండల్లో అయినా, గచ్చు కింది మట్టిలోని గాలి దాదాపు నూరు శాతం తేమతోనే ఉంటుంది. పైన ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. తడి వైపు నుంచి పొడి వైపుకు ఆవిరి ప్రయాణం ఆగదు. దాన్ని ఆపేది షీటు ఒక్కటే. కంకర చేసే పని వేరు, షీటు చేసే పని వేరు. ఒకటుంది కదా అని రెండోది మానేస్తే కుదరదు. వాటర్‌ప్రూఫ్ పొడి కాంక్రీటులోని సన్న రంధ్రాలను కొంత పూడుస్తుంది, నీటి చుక్క వేగాన్ని తగ్గిస్తుంది. నీటి ట్యాంకు గోడకు అది మేలే. వినైల్ కింద ఆవిరికి మాత్రం అది అడ్డుగోడ కాదు.

వినైల్ అనేది గిన్నె మీద పెట్టిన మూత లాంటిది. మూత పెట్టకముందు గచ్చు పైభాగం ఆరి, కిందిభాగం తడిగా ఉంటుంది. మూత పెట్టగానే లోపలి తేమ అంతటా సమంగా సర్దుకుంటుంది. అప్పటిదాకా పొడిగా కనిపించిన పైభాగం మళ్లీ తడెక్కుతుంది. ఆ తడి సిమెంటులోని క్షారాన్ని వెంటబెట్టుకుని వచ్చి జిగురును తినేస్తుంది. అతికించిన రోజు బాగున్నది నాలుగు నెలలకు లేచిపోవడానికి కారణం ఇదే.

మూడో దారి మన సొంత చేతులు. దించడానికి పెట్టిన నీళ్లు, వాన, పోసిన కాంక్రీటును తడిగా ఉంచే క్యూరింగు, చెదల మందు, కాంక్రీటులో ‘కొంచెం జారుగా’ రావాలని కలిపించిన బకెట్లు. నేను చూసిన పాడైన గచ్చుల్లో ఎక్కువ వాటికి కారణం ఈ మూడో దారే. విచిత్రం ఏమిటంటే మన చేతిలో పూర్తిగా ఉన్నది కూడా ఇదే.

ఇప్పుడు మీరు వేయించాల్సిన వరుస, అడుగు నుంచి పైకి.

నల్లమట్టిని లోపల వేయనివ్వకండి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, గచ్చును రెండు వైపులా ఇబ్బంది పెడుతుంది. మొక్కలకు పోయించుకోండి. పాత ఇల్లు పగలగొట్టిన ఇటుక ముక్కలు చౌకగా వస్తాయని కూడా ఎవరో చెబుతారు. ఇటుక నీటిని స్పంజిలా పట్టి ఉంచుతుంది, పాత గోడల ఉప్పును కూడా వెంట తెస్తుంది. ఎర్ర గ్రావెల్ మేలు. ఇక్కడి లారీలవాళ్లు నింపుడు మట్టిని ‘సవుడు’ అంటారు. మన చెవికి అది చౌడు అని వినబడి గుండె ఝల్లుమంటుంది. నెల్లూరు నుంచి కొత్తగా వచ్చినప్పుడు నేను ఒక లారీని వెనక్కి పంపించేశాను కూడా. పేరు చూసి భయపడకండి, పేరు చూసి నమ్మనూ వద్దు. గుప్పెడు తీసుకుని నీళ్లలో కలిపి గాజు గ్లాసులో ఉంచండి. గంట తర్వాత కూడా నీళ్లు చిక్కటి బురదగా ఉంటే అందులో బంక ఎక్కువ.

గ్రావెల్‌ను ఎనిమిది అంగుళాలకు మించకుండా పొరలుగా వేసి, ప్లేటు కాంపాక్టర్‌తో గట్టి చేయించాలి. ఇక్కడ నీళ్లు కావాలి, కానీ కొలతగా. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే పగలాలి. ముద్ద కాకపోతే నీళ్లు చాలలేదు, పడి పెచ్చులా అతుక్కుంటే ఎక్కువయ్యాయి. పైపొరకు మాత్రం ఎంత గట్టిపడిందో కొలిచే సాండ్ రీప్లేస్‌మెంట్ పరీక్ష చేయించండి, ప్రాక్టర్ సాంద్రతలో, అంటే అదే మట్టిని ల్యాబులో కూరితే వచ్చే గరిష్ఠ సాంద్రతలో, 95 శాతం రావాలి. దానికయ్యే ఖర్చు, తర్వాత గచ్చు కుంగితే అయ్యే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇసుకను నీళ్లు పెట్టి దించడం అన్నిచోట్లా తప్పు కాదు. అడుగున నీరు ఇంకే నేల ఉంటే శుభ్రమైన ఇసుక అలా బాగానే దిగుతుంది. బీసెంట్ నగర్ వంటి సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో నేనే చేయించాను. అసలు ఇసుకకు సగం తడి పనికిరాదు. చెమ్మ తగిలిన ఇసుక పొంగుతుంది, ఎంత దిమ్మిస కొట్టినా దిగదు. పూర్తిగా ఎండి ఉండాలి, లేదా పూర్తిగా తడవాలి. మీ సంగతి వేరు. కింద నల్ల బంకమట్టి, చుట్టూ పునాది గోడలు. పెట్టిన నీళ్లు పోయే దారి లేదు, తొట్టిలో పోసినట్టే.

చెదల మందు గట్టి చేసిన గ్రావెల్ మీద కొట్టించండి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 6313 ప్రకారం చదరపు మీటరుకు ఐదు లీటర్ల ద్రావణం. అదీ నీరే, కానీ షీటుకు కింద పడుతోంది కాబట్టి కంగారు లేదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం సందేహాలు తీరతాయి: షీటుకు కింద ఉన్న తడి వేరు, షీటుకు పైన చిక్కిన తడి వేరు. కింది దాన్ని షీటు చూసుకుంటుంది. పైదాన్ని మీ వినైల్ జిగురు భరించాలి.

దాని మీద కడిగిన, డస్ట్ లేని కంకర, 20 మి.మీ., 40 మి.మీ. కలిపి, ఆరు అంగుళాలు. ఇది తొట్టి కాకుండా చూడడం ముఖ్యం. కంకర అడుగు మట్టంలో పునాది గోడకు నాలుగైదు చోట్ల బయటికి వాలుగా రెండంగుళాల గొట్టాలు పెట్టించి, మూతికి సన్న జాలీ కట్టండి. అయితే ఆ గొట్టాల మట్టం ఎక్కడుందో చూసుకోవాలి. మీ ప్రాంతం పళ్లికరణై చిత్తడి నేలకు పక్కనే. 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు ఆ చుట్టుపక్కల నీళ్లు ఎలా నిలిచాయో అందరూ చూశారు. పక్కింటి పెద్దవాళ్లను అడిగితే గోడ మీద చూపిస్తారు, ఇక్కడిదాకా వచ్చాయని. ఆ గీత కంటే కంకర అడుగు పైన ఉండాలి. లేకపోతే నీళ్లు బయటికి పోవాల్సిన గొట్టాల్లోంచే లోపలికి వస్తాయి. ఈ ఊళ్లో రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి పైకి లేస్తుంది, ఇళ్లు కిందికి పోతాయి. ఈనాటి మూడడుగులు పదిహేనేళ్ల తర్వాత ఎంత మిగులుతుందో ఊహించుకుని, వీలైతే ఇంకో అడుగు ఇప్పుడే లేపించండి.

కంకర మొనలు షీటును పొడుస్తాయి కాబట్టి పైన రెండంగుళాల పీసీసీ (కమ్మీలు లేని కాంక్రీటు) వేసి, చెక్కతో నున్నగా తోయించండి. దాని మీద షీటు. దుకాణంలో గేజి లెక్కన అమ్ముతారు. మేస్త్రి తెచ్చే పల్చటిది 400 గేజి, అంటే 100 మైక్రాన్లు. ఇనుము కట్టేవాళ్ల కాళ్ల కిందే అది చిల్లులు పడుతుంది. మీకు కనీసం 1,000 గేజి, 250 మైక్రాన్లు కావాలి, కొత్త సరుకుతో చేసింది. అంచులు ఆరంగుళాలు ఒకదానిమీదొకటి వచ్చేలా పరిచి టేపు వేయాలి. గోడల దగ్గర పైకి మడిచి, తేమ పైకి పాకకుండా గోడలో వేసే డీపీసీ పొరను కలిసేలా చూడాలి. గొట్టాలు లేచే ప్రతిచోటా విడిగా ముక్క కత్తిరించి చుట్టి టేపు వేయాలి. ఈ పని మీరే నిలబడి చేయించండి. కాంక్రీటు పోసే రోజు ఉదయం ఇద్దరు కుర్రాళ్లను చెప్పుల్లేకుండా షీటు మీద నడిపించి, చిల్లు కనిపించిన ప్రతిచోటా అతుకు వేయించండి. ఇంటి కాపలా కుక్క కాలి గోళ్ల గుర్తులకు కూడా నేను అతుకులు వేయించాను, మేస్త్రి నవ్వాడు, నవ్వనివ్వండి.

నీళ్ల గొట్టాలు ఏవైనా గచ్చు కింద పోతుంటే మూసేముందు ఒత్తిడి పరీక్ష చేయించండి.

షీటు మీద నేరుగా కాంక్రీటు పోస్తే ఇబ్బందులు లేవా? ఉన్నాయి. మేస్త్రి భయం ఊరికే పుట్టలేదు. కాంక్రీటులో తేరిన నీరు కిందికి పోలేక అంతా పైకే వస్తుంది, తాపీ పెట్టడానికి ఎక్కువసేపు ఆగాలి. పైభాగం ఆరి కుంచించుకుని, కిందిభాగం తడిగా ఉండిపోతే గచ్చు అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. దీనికి మందు ఇసుక కాదు, నీళ్లు తగ్గించడం. నీరు సిమెంటు నిష్పత్తి 0.5 దాటకూడదు. జారుడు కావాలంటే, నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే ప్లాస్టిసైజర్ వేయాలి, బకెట్టు ఎత్తకూడదు. రెడీమిక్స్ లారీ దగ్గర గొట్టం పట్టుకుని నిలబడే మనిషి ఒకడు ప్రతి సైటులోనూ ఉంటాడు, ముందు అతన్ని టీకి పంపించండి. గచ్చును పది అడుగులకు మించని గళ్లుగా, చతురస్రానికి దగ్గరగా కోయించండి, మర్నాటికే, లోతు గచ్చు మందంలో నాలుగో వంతు. కమ్మీల జాలీ అడుగున పడుకోకుండా పై మూడో వంతులో నిలబడాలి.

క్యూరింగుకు మనవాళ్లు మట్టికట్టలు కట్టి నీళ్లు నిలబెడతారు. ఈ గచ్చుకు వద్దు. తడిపిన గోనెపట్టాలు పరిచి పైన ప్లాస్టిక్ కప్పండి. ఐ.ఎస్. 456 మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ వంటి వాటికి పది రోజులు అంటుంది. మీరు వాడేది బహుశా పీపీసీయే. ఆ గడువు పూర్తికాగానే కప్పు తీసేసి, అక్కడి నుంచి చుక్క నీరు పడకుండా కాపాడండి. పైన ప్లాస్టరింగు పనికి నీళ్ల డ్రమ్ము ఈ గచ్చు మీదే పెడతారు, పెట్టనివ్వకండి.

ఇప్పుడు అసలు విషయం, కాలం. మీది స్తంభాల కట్టడమే కదా, గచ్చు ఇప్పుడే పోయాలన్న నియమం ఏమీ లేదు. గ్రావెల్ నింపి గట్టి చేసి అక్కడితో ఆపండి. స్తంభాలు, పైకప్పు, గోడలు కానివ్వండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు వరకు ఉంటాయి. నవంబరు మరీ ముదురు. జనవరిలో పైకప్పు నీడలో కంకర, షీటు, గచ్చు వేయించుకోండి. మంచి గాలి ఆడే చోట గచ్చు అంగుళానికి నెల చొప్పున ఆరుతుందని ఒక మోటు లెక్క. నాలుగంగుళాలకు నాలుగు నెలలు. చెన్నై గాలిలో ఉండే తేమకు అది ఇంకొంచెం లాగుతుంది. తలుపులు, కిటికీలు పెట్టి, ఏసీ నడిపితే కొంత ముందుకు వస్తుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి అరికాలును నమ్మకండి. నేను నమ్మి ఎంత నష్టపోయానో చెప్పాను. తొలి చూపుకు అడుగున్నర చదరం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రాత్రంతా, కనీసం 16 గంటలు, ఉంచండి. ప్లాస్టిక్ కింది వైపు చెమట పడితే తడి గచ్చులోంచి వస్తోంది. పై వైపు పడితే అది గదిలోని తేమగాలి చల్లటి నేలకు తగిలి చెమర్చడం, దానికి గచ్చును తిట్టి లాభం లేదు. అయితే ఇది పైతడిని మాత్రమే పడుతుంది. చెమట పట్టలేదు కాబట్టి ఆరిపోయిందని తీర్పు చెప్పకూడదు. తీర్పుకు గచ్చులో రంధ్రం వేసి పెట్టే తేమ కొలిచే ప్రోబ్ కావాలి. ఒక్క పైవైపే ఆరే గచ్చుకు మందంలో 40 శాతం లోతున కొలవాలి, మీకు అది అంగుళంన్నర పైచిలుకు. వినైల్ వేశాక తేమ సర్దుకుని పైభాగం ఏ స్థాయికి వస్తుందో ఆ లోతు ముందుగానే చెబుతుంది. అక్కడ సాపేక్ష తేమ 75 శాతం దాటకూడదన్నది పాత హద్దు. ఇప్పటి కొన్ని జిగుర్లు 85 దాకా, అంతకు పైన కూడా ఒప్పుకుంటాయి. మీరు కొన్న డబ్బా మీద ఉన్న అంకెనే పట్టుకోండి. కొలిచేటప్పుడు గది, క్లినిక్ నడిచే రోజుల్లో ఎలా ఉంటుందో అలా, ఏసీ వేసి కనీసం రెండు రోజులు ఉండాలి.

సంక్రాంతి దాటాక అన్ని నెలలు ఆగలేమంటారా, అయితే వినైల్ వదిలేసి విట్రిఫైడ్ టైల్స్ వేయించండి. సిమెంటు అంటుతో వేసిన టైలు ఈ తేమను చాలావరకు ఓర్చుకుంటుంది. వ్యాయామం చేయించే చోట మడిచే రబ్బరు చాపలు పరుచుకోవచ్చు. నా నృత్య పాఠశాల కథ కూడా టైల్స్ దగ్గరే ముగిసింది, మా ఖర్చుతో. గచ్చు మీద ఎపాక్సీ పొర పూసి తేమను ఆపుతామని కొందరు వస్తారు. మంచి సరుకు, పద్ధతిగా పూస్తే పనిచేస్తుంది, కాకపోతే షీటుకయ్యే డబ్బుకు ఎన్నో రెట్లు అవుతుంది. తప్పు జరిగిపోయినవారికి అది దారి, మీకింకా తప్పు జరగలేదు.

చివరగా, మేస్త్రి ఇప్పటికే రెండు యూనిట్ల ఇసుక దింపించాడని రాశారు. అది వృథా కాదు. అందులో తడి ఎంతుందో చూడాలనుకుంటే అరకిలో తూచి, బాండీలో పోసి స్టవ్ మీద రంగు మారేదాకా వేయించి, మళ్లీ తూచండి. 500 గ్రాములు 460కి వస్తే పోయిన 40 గ్రాములూ నీరే, ఎండిన బరువు మీద తొమ్మిది శాతానికి కాస్త తక్కువ. ఆ అంకెతో పైన నేను వేసిన లెక్క మీ మేస్త్రి ముందే ఇంకోసారి వేసి చూపించండి. మాటల కంటే బాండీకి అతను తొందరగా ఒప్పుకుంటాడు. తర్వాత ఆ ఇసుకను పీసీసీకీ, గోడల కట్టుబడికీ వాడుకోమనండి.